చెరపకుండా ఉంచిన చెయ్యి

మన బడి మేడమీది హాలు గుర్తుందా? తంగసాల వీధి వైపు మూడు కిటికీలు, ఎండ పొద్దున మాత్రమే పడేది. 1995 జనవరిలో, సంక్రాంతి సెలవులయ్యాక వచ్చిన శని, ఆదివారాలు అక్కడే మన బొమ్మల ప్రదర్శన జరిగింది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వాళ్ళవి మొత్తం నూట పదకొండు బొమ్మలు. ఒక్కో బొమ్మ కింద పెట్టే చీటీ తెలుగులోనూ తమిళంలోనూ రాసింది నేనే, అందుకే లెక్క మర్చిపోలేదు. అప్పటికి మన ఊరు ఇంకా మద్రాసే. కొత్వాల్ చావిడి మార్కెట్టు కోయంబేడు వెళ్ళిపోలేదు. పొద్దున్నే బడికి రావాలంటే కూరగాయల బుట్టల్నీ తోపుడు బళ్ళనీ తప్పించుకుంటూ రావాల్సిందే.

ప్రదర్శన మాట మన డ్రాయింగు మాస్టారు ఎత్తింది దసరా సెలవుల ముందు. తలా ఒక బొమ్మ ఇంటి దగ్గర వేసుకు రమ్మన్నారు. అందరం తెచ్చాం. నాది రెండు కొండల మధ్య సూర్యుడు, కింద ఏరు, ఒడ్డున పూరిల్లు, పక్కన కొబ్బరిచెట్టు. నాలాంటి కొండలే ఇంకో పద్దెనిమిది వచ్చాయి. మాస్టారు ఎవర్నీ ఏమీ అనలేదు. కొండలన్నీ బల్లమీద వరసగా పరిచి, "మీలో ఈ ఏటి ఒడ్డున ఉన్నవాళ్ళెవరమ్మా?" అని అడిగారు. ఎవరం పలకలేదు. నేను పుట్టి పెరిగింది గోవిందప్ప నాయకన్ వీధిలో. కిటికీ తీస్తే ఎదురింటి గోడ, దాని పైన మూరెడు ఆకాశం.

మన బ్యాచ్‌లో ఒకబ్బాయి మాత్రం చందమామ చూసి విక్రమార్కుణ్ణి దించాడు. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ చూడని తెలుగు పిల్లలు ఆ రోజుల్లో ఎవరున్నారు గనక! అబ్బాయి గీత ఎంత గట్టిదంటే, అసలు బొమ్మ మీద కాగితం పెట్టి దించాడేమోనని మాకందరికీ అనుమానం. మాస్టారు దాన్ని చాలాసేపు చూసి, "భుజం మీద బరువుంటే మనిషి ఎట్లా వంగుతాడో శంకర్ గారు చూసి వేశారు. నువ్వు ఆయన వేసింది చూసి వేశావు. పొద్దున పూట మీ మామయ్య కొట్టు ముందు మూటలు దించుతారే, వాళ్ళని ఎప్పుడన్నా నిలబడి చూశావా?" అన్నారు. ఆ అబ్బాయిది నెల్లూరు వైపు పల్లెటూరు. మేనమామ పప్పుల కొట్లో ఉంటూ చదువుకునేవాడు. బడికి రాకముందు రెండు గంటలు కొట్లో పని. మూటలు మోసేవాళ్ళని రోజూ చూస్తూనే ఉన్నాడు, అయినా జవాబు చెప్పలేకపోయాడు.

ఆ తర్వాతి శనివారం మాస్టారు మమ్మల్ని మ్యూజియానికి తీసుకెళ్ళారు. శుక్రవారం దానికి సెలవు, అందుకని శనివారం. బీచ్ స్టేషన్లో లోకల్ రైలెక్కి ఎగ్మోరులో దిగి, పాంథియన్ రోడ్డుదాకా నడిచాం. తుపాకులూ తిమింగలం ఎముకలూ చూద్దామని మా ఆశ. ఆయన నేరుగా అమరావతి బౌద్ధ స్తూపం రాళ్ళ దగ్గరికి నడిపించారు. 1845లో కంపెనీ దొర వాల్టర్ ఇలియట్ తవ్వించి, కృష్ణ ఒడ్డు నుంచి మద్రాసుకు చేర్చిన ఆ రాళ్ళ సంగతి మాస్టారి మాటల్లోనే మొదటిసారి విన్నాను. వాటిలో చాలా భాగం ఆ తర్వాత లండన్ పోయిందట. మన ఊళ్ళవాళ్ళు చెక్కినవి, మనలాగే ఇక్కడికొచ్చి ఉంటున్నాయి అనిపించింది. ఆ వయసులో ఆ మాట నాకు చాలా పెద్దదిగా తోచింది, ఇప్పటికీ అలాగే తోస్తుంది.

అందులో ఒక గుండ్రటి పలక ఉంది. నలగిరి అనే మదపుటేనుగు వీధిలో పడి జనాన్ని తొక్కేస్తుంటుంది. అదే పలకలో, అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. పై కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. ఒకే ఏనుగు రెండుసార్లు ఎందుకుంది అని ఎవరో అడిగారు. "ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ రెండూ చెప్పాలనుకున్నాడు శిల్పి. మొదటిదాన్ని దాచెయ్యలేదు" అన్నారు మాస్టారు. గంటన్నర నేలమీద కూచుని ఆ పలకే గీశాం. నాకు ఏనుగు రాలేదు, కిటికీలోంచి చూస్తున్న ఒక మొహం మాత్రం వచ్చింది.

ఆ తర్వాత రెండు నెలలూ ఆయన నేర్పింది చేతిపనే. షీటు తడిపి, అంచులు జిగురు టేపుతో చెక్కకి అంటించి ఆరనిస్తే, మీద నీళ్ళరంగు వేసినా ముడత పడదని చూపించారు. బొగ్గుతో వేసింది రాలిపోకుండా మీగడ తీసిన పాలలో నీళ్ళు కలిపి సన్నగా చిమ్మేవారు. మన ఊరి గాలికి కాగితం అప్పడంలా చుట్టుకుపోతుంది కదా, అందుకని ప్రతి బొమ్మనీ నల్ల చార్టు మీద అతికించి, పురికొస కట్టి, క్లిప్పులతో వేలాడదీశాం. ఫస్టు, సెకండు బహుమతులు ఉండవని ముందే చెప్పేశారు. కొందరు తల్లిదండ్రులకి అది నచ్చలేదు. నా మట్టుకు నాకు, ఆయన చేసిన అన్ని పనుల్లోకీ అదే గొప్పది. ఇప్పుడు మా పిల్లల బడుల్లో ప్రదర్శనలకి వెళ్తే ఒకే అచ్చులో పోసినట్టు ముప్పై నెమళ్ళు కనిపిస్తాయి. సగానికి సగం అమ్మానాన్నలు వేసినవే. బాధగా ఉంటుంది. పదిహేనేళ్ళ పిల్లకి తన కంటితో చూసి గీసే హక్కు లేకుండా పోతోంది.

నేను మా డాబా మీద ఆరబెట్టిన వడియాల చీర గీశాను. చీర అంచున బరువు పెట్టిన రాళ్ళ నీడలు బాగా కుదిరాయని అందరూ అన్నారు.

ఆ అబ్బాయి వేసింది కందిపప్పు మూట మోస్తున్న మనిషిని. బొగ్గుతో, నిలువు షీటు మీద. మెడ వెనక మూట, ముందుకి వంగిన నడుం, పిక్కల్లో పైకి లేచిన నరం, మోకాళ్ళ మీదికి ఎగగట్టిన లుంగీ. మొహం సగమే కనిపిస్తుంది. విక్రమార్కుడి వంపు అందులో ఉంది గానీ, ఈ మనిషి కాళ్ళు నేలని నొక్కుతున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం మార్కెట్టులో పని తెరిపిచ్చాక ఒకాయన మేడెక్కి వచ్చాడు. భుజాన తువ్వాలు, గుమ్మం అవతలే చెప్పులు విడిచాడు. లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడితే నేనే రమ్మన్నాను. బొమ్మలన్నీ ఓపిగ్గా చూసుకుంటూ వచ్చి ఆ షీటు ముందు ఆగిపోయాడు. ఆయనే అందులో మనిషని అప్పటికి నాకు తెలీదు. చాలాసేపటికి, "నడుం సరిగ్గా వేసినావు నాయనా. చెయ్యే తప్పు. అట్లా అరచెయ్యి ఆనిస్తే మూట జారిపోదా? కొక్కెం ఏదీ?" అన్నాడు.

అబ్బాయి మొహం ఎర్రబడింది. జేబులోంచి రబ్బరు తీశాడు. మాస్టారు ఎక్కణ్ణించి చూశారో, గబగబా వచ్చి ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. "చెరపకు. పక్కన వెయ్యి, రెండూ ఉండనీ" అన్నారు. షీటు కిందికి దించారు. ఆ వచ్చినాయన మొలలోంచి కొక్కెం తీసి, గుప్పిట బిగించి పట్టుకుని, బెంచీ మీద అలా కూచున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. బొమ్మకి కుడివైపు, ఖాళీ అంచులో, బొగ్గుతో ఒక గుప్పిట. అరిగిపోయిన పిడి, చూపుడువేలి గోరు సగం నల్లగా. హాల్లో ఉన్న పిల్లలందరం చుట్టూ మూగిపోయాం, ఒక్కరూ మాట్లాడలేదు. అయ్యాక ఆయన వంగి చూసి, "ఇదీ నా చెయ్యి" అన్నాడు.

పరీక్షలయ్యాక బొమ్మలు తిరిగిచ్చే పని క్లాసు లీడరుగా నాకు పడింది. నూట పదీ ఇచ్చేశాను. ఆ అబ్బాయి చివరి పరీక్ష రాసిన రాత్రే ఊరెళ్ళిపోయాడట. కొట్లో అడిగితే మళ్ళీ వస్తాడో రాడో అన్నారు. "నీ దగ్గరే ఉంచమ్మా, వస్తే ఇద్దువు గాని" అన్నారు మాస్టారు.

నాలుగు ఇళ్ళు మారాను. షీటుకి మధ్యలో ఒక మడత పడింది, క్లిప్పు పెట్టినచోట తుప్పు మరక ఉంది. బొగ్గు మాత్రం రాలలేదు. వెనకవైపు పెన్సిలుతో పది 'బి', 27 అని ఉంది. ఆ నంబరు నీదైతే, ఈసారి మన బ్యాచ్ కలయికకి తప్పకుండా రా. చార్టు గొట్టంలో పెట్టి తీసుకొస్తాను. నువ్వు రాలేకపోతే అడ్రసు పంపు, నేనే తెచ్చిస్తాను.