ఒసాకా కోట, మా మరిది అన్న మాట

అందరూ పడుకున్నారు. నాకే నిద్ర రావడం లేదు. మా మరిది అన్న మాట పొద్దుటినుంచీ మనసులో నలుగుతోంది.

జపాన్‌లోని ఒసాకా కోట పై అంతస్తులో అత్తయ్య జాలీ పట్టుకుని, కప్పు చివర మెరుస్తున్న బంగారు చేపను రెప్పవేయకుండా చూస్తున్నారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, లిఫ్టు ఉండబట్టే అంత దాకా రాగలిగారు. సరిగ్గా అప్పుడే మా మరిది, "అమ్మా, ఇది అసలు కోట కాదు, సిమెంటుతో కట్టింది. డూప్లికేట్!" అన్నాడు. ఆవిడ జాలీ మీద నుంచి చెయ్యి తీసేశారు. "అట్లాగా? సరే, కిందికి పోదాం పద" అన్నారు. అంతే, అయిపోయింది.

సిమెంటుదే, ఎవరు కాదన్నారు? అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి కట్టించిన బురుజు 1585లో పూర్తయి, 1615 యుద్ధంలో కాలిపోయింది. ఆ యుద్ధంలో గెలిచిన తొకుగావా వంశంవాళ్ళు 1626లో మళ్ళీ లేపితే 1665లో పిడుగు పడి తగలబడింది. ఇప్పుడున్నది 1931లో ఊరి జనం చందాలు వేసుకుని కట్టుకున్నది. ఆ రెండూ నిలిచిన కాలం కలిపినా 70 ఏళ్ళు కాదు. ఇది రెండో ప్రపంచ యుద్ధపు బాంబుల కాలాన్ని కూడా దాటుకుని 90 ఏళ్ళకు పైగా నిలబడి ఉంది. చందా ఇచ్చినవాళ్ళకు ఇది డూప్లికేటా? అంత తేలిగ్గా ఎలా అనేస్తారు!

అసలుదే కావాలంటే హిమేజీ ఊళ్ళో కోట ఉంది. కిందటిసారి అత్తయ్య వచ్చినప్పుడు వెళ్ళాం. 1609 నాటి కోట. చెప్పులు విప్పి ప్లాస్టిక్ కవర్లో వేసుకుని, నిచ్చెనల్లాంటి చెక్క మెట్లు ఎక్కాలి. అత్తయ్య మొదటి వరస చూడగానే ఆగిపోయి "మీరు వెళ్ళి రండి, నేనిక్కడ కూర్చుంటా" అన్నారు. నేను ఎక్కాను. కాళ్ళకింద అరిగి నునుపెక్కిన చెక్క, మేజోడుకు జారుతోంది. కింది నుంచి పై దాకా అంతస్తులన్నీ మోస్తూ రెండు పెద్ద స్తంభాలు. ఒకదాని మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను, వెనక జనం సర్దుకుంటూ పోతున్నా కదలబుద్ధి కాలేదు.

ఇదంతా రాస్తుంటే నా కోపం కొంచెం సడలుతోంది. నిజం చెప్పాలంటే హిమేజీలో కలిగింది నాకు ఒసాకాలో కలగలేదు. లోపలంతా మ్యూజియం, గాజు పెట్టెలు, ఏసీ. మా మరిదికి ఆ తేడా తెలిసింది, పైకి అన్నాడు.

కానీ హిమేజీలో ఆ రెండు స్తంభాల్లో పడమటిది 1964లో ముగిసిన మరమ్మతులో కొత్తగా వేసిందే. మొన్న నారా ఊళ్ళో, తోదైజీ అనే బౌద్ధ ఆలయంలో మహాబుద్ధుడి విగ్రహం ముందు అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. 752లో మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు ఆ విగ్రహానికి కళ్ళు దిద్దాడని చెప్తే, ఆవిడ చేతులు దించలేదు. ఆ కుంచెకు దారాలు కట్టి, వచ్చినవాళ్ళు పట్టుకున్నారట, పుణ్యం అందరికీ అందాలని. ఇప్పుడున్న తల తర్వాతి కాలంలో పోతపోసింది. మందిరం 1709లో తిరిగి కట్టింది, మునుపటికన్నా చిన్నది. అక్కడ ఎవరూ డూప్లికేట్ అనలేదు.

ఎల్లుండి కోబే వెళ్తున్నాం. 1995 భూకంపంలో విరిగిన రేవుగట్టు ముక్కను మెరికెన్ పార్కులో బాగుచేయకుండా అలాగే ఉంచారు, దీపస్తంభాలు ఒరిగిపోయి, రాళ్ళు నీళ్ళలోకి కుంగిపోయి. ఊరంతా కొత్తగా కట్టుకున్నవాళ్ళు దాన్ని మాత్రం ముట్టుకోలేదు. అత్తయ్య తీరిగ్గా చూసి, తనంతట తాను ఏదైనా అనేదాకా అక్కడ ఎవరినీ నోరెత్తనివ్వను. మా మరిదికి రేపు టిఫిన్ల దగ్గరే చెప్పేస్తాను.