చుట్టుకి రూపాయి

రాత్రి పదకొండు దాటింది. అత్తయ్య గదిలో లైటు ఆరిపోయింది. చిన్నది కాళ్ళకి సాక్సులతోనే నిద్రపోయింది. నాకు మాత్రం ఆ టీ షర్టుల సంగతి ఎక్కడో ఒకచోట రాసుకుంటే తప్ప నిద్ర పట్టేలా లేదు.

మా క్లబ్బు ఆడపిల్లల ఖోఖో జట్టు కోసం, పిల్లలు గ్రౌండు చుట్టూ చుట్లు నడిచి చందా పోగుచేసే నడక ఒకటి పెడుతున్నాం. సాయంత్రం మీటింగులో దానికి ఖర్చుల లెక్క వేశారు. టీ షర్టులు 150, ఒక్కోటి 180 చొప్పున 27,000. షామియానా, వేదిక, సౌండ్ బాక్సులు 9,000. ముఖ్య అతిథికీ ఆయన వెంట వచ్చేవాళ్ళకీ శాలువాలు, మెమెంటోలు 4,000. వెరసి 40,000. పిల్లల కోసం మేం పోగుచేద్దామనుకున్నది 60,000! ఆ కాగితం చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చేసరికి ఎవరైనా ఏదైనా అంటారేమో అని చూశాను. ఒక్కరూ అనలేదు. జట్టుకి ఆట నేర్పే మాస్టారు తలొంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. పాపం, ఆయనకి పిల్లల్ని ఆడించడం తెలుసు, పెద్దవాళ్ళకి ఎదురుచెప్పడం తెలీదు.

నేనే అడిగాను, ఇవన్నీ లేకుండా నడవలేమా అని. క్లబ్బులో పెద్దాయన నవ్వారు. "చూడమ్మా, అతిథి లేకపోతే పేపర్లో ఫోటో రాదు. ఫోటో రాకపోతే స్పాన్సర్ రాడు. స్పాన్సర్ రాకపోతే నీ పిల్లలకి బూట్లెక్కడివి?" అన్నారు. టీ షర్టు వెనకవైపు నగల షాపు పేరు, ముందువైపు కోచింగ్ సెంటర్ పేరు వస్తాయట. మరి మన క్లబ్బు పేరో అంటే, "భుజం మీద వేయిద్దాం" అన్నారు. ఆడపిల్లల ఖోఖో జట్టు కోసం నడిచే నడకలో జట్టు పేరు భుజం మీదకి పోయింది. ఇంటికొచ్చి కూర వేడి చేస్తున్నంతసేపూ ఆ మాటే చెవిలో మోగింది.

అసలు ఈ డబ్బు దేనికో అందరూ మర్చిపోయినట్టున్నారు. జనవరి 2025లో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగినప్పుడు మా పిల్లలందరూ ఒకే ఫోను చుట్టూ మూగి చూశారు. అమ్మాయిలూ అబ్బాయిలూ రెండు ఫైనల్స్‌లోనూ నేపాల్ మీద గెలిచారు. ఆ ఆటంతా మ్యాట్ మీద. మావాళ్ళు ఆడేది కాలేజీ గ్రౌండులో, ఎర్రమట్టీ గులకరాళ్ళూ కలిసిన నేల మీద. టీవీలో చూసిన పోల్ డైవ్, అంటే స్తంభం పట్టుకుని ముందుకి దూకి రన్నర్‌ని అందుకోవడం, ఇక్కడ వేస్తే ఏమవుతుందో నిన్న చిన్నదాని మోకాలు చూస్తే తెలిసింది. పాత పుండు మీదే మళ్ళీ గీరుకుపోయింది. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి చూస్తే చర్మం కింద బియ్యపు గింజంత రాయి. చిన్న పట్టకారుతో దాన్ని తీస్తుంటే పళ్ళు బిగబట్టి కూర్చుంది, ఏడవలేదు. తీయడం అయ్యాక అడిగిందల్లా "రేపు ప్రాక్టీసుకి పంపిస్తావుగా" అని. మ్యాట్ కొనడం మా వల్ల కాదు, దానికి లక్షలు కావాలి. మోకాలి ప్యాడ్లు, బూట్లు, టోర్నమెంటుకి రానూపోనూ ఛార్జీలు, అక్కడ రెండు పూటలా కడుపునిండా భోజనం. 60,000 వాటికే.

చుట్టుకి ఇంత అని ముందే మాట తీసుకుని, నడిచాక లెక్కగట్టి వసూలు చేసే పద్ధతి టొరంటోలో ఉన్న మా చెల్లి చెబితే తెలిసింది. మాటల్లోనే, వాళ్ళబ్బాయి స్కూల్లో ప్రతి సెప్టెంబరులో జరిగే టెర్రీ ఫాక్స్ పరుగు గురించీ చెప్పింది. ఆ టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడి కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. క్యాన్సర్ వల్ల కుడికాలు తీసేస్తే, కట్టుడు కాలితో 1980 ఏప్రిల్ 12న కెనడా తూర్పు కొసన బయలుదేరాడు. రోజుకి ఇంచుమించు ఒక మారథాన్ దూరం. దేశంలో తలకొక్క డాలరు ఇమ్మన్నాడు, క్యాన్సర్ పరిశోధనకి. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక జబ్బు ఊపిరితిత్తులకి పాకి ఆగిపోవాల్సి వచ్చింది. 22 ఏళ్ళకే పోయాడు. కానీ అతను బతికుండగానే, 1981 ఫిబ్రవరి నాటికి, తలకొక డాలరు లెక్కన రెండు కోట్ల నలభై లక్షల డాలర్లు పోగయ్యాయి. తన పరుగుని అడ్డం పెట్టుకుని లాభం చేసుకుందామనుకున్న కంపెనీల్ని అతను దగ్గరికి రానివ్వలేదు. ఇదే ఇవాళ మీటింగులో చెప్పబోయాను. "అది ఫారిన్ అమ్మా" అన్నారు పెద్దాయన. అక్కడితో ఆగిపోయింది.

ఫారిన్ ఏమీ కాదు. మా ఊళ్ళో నేను ఎనిమిదో తరగతిలో ఉండగానే చూశాను.

అప్పుడు మా డ్రిల్లు మాస్టారు మమ్మల్ని జోనల్ ఆటలకి తీసుకెళ్ళాలని చందా పుస్తకం పట్టుకుని వీధిలోకి దిగారు. వెనక మేం, నూనె రాసి జడలు బిగించుకుని, ఉన్నంతలో మంచి గౌన్లు వేసుకుని. మొదట రైసు మిల్లు ఓనరు దగ్గరికే వెళ్ళాలి, అది అందరికీ తెలిసిన విషయం. ఆయన పెద్దగా రాస్తే కిందవాళ్ళు దానికి తగ్గట్టు రాస్తారు. ఆయన పుస్తకం తీసుకుని మొదటి వరుసలో ఆకుపచ్చ ఇంకుతో "రూ. 100" అని రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టారు. చుట్టూ ఉన్న నలుగురూ చూశారు. మా మాస్టారు రెండు చేతులూ జోడించారు. ఆ వంద చూసి మిగతావాళ్ళు ఐదులూ పదులూ రాశారు, అక్కడికక్కడే ఇచ్చేశారు కూడా.

బస్టాండు పక్కన కిళ్ళీ కొట్టు తాత ఉండేవాడు. పుస్తకం ఆయన ముందు పెట్టాలా వద్దా అని మాస్టారు తటపటాయించారు. ఆయనే పిలిచి, "ఎన్ని పాయింట్లు తెస్తే అన్ని పావలాలు ఇస్తాను, రాసుకోండి మాస్టారూ" అన్నాడు. మాకు భలే నవ్వొచ్చింది. తర్వాత గ్రౌండులో ఒక్కో రన్నర్ అవుట్ అయినప్పుడల్లా మాలో ఎవరో ఒకరు "పావలా!" అని అరిచేవాళ్ళం. సెమీఫైనల్లో ఓడిపోయాం. ఆఖరి బస్సులో ఊరు చేరేసరికి కొట్టు ఇంకా తెరిచే ఉంది. తాత స్కోరు అడిగాడు. అన్ని ఆటలూ కలిపి 31 పాయింట్లు. గల్లాపెట్టె లాగి ఏడు రూపాయల డెబ్భై ఐదు పైసలు రెండుసార్లు లెక్కపెట్టి, న్యూస్‌పేపరు ముక్కలో పొట్లం కట్టి కెప్టెన్ చేతిలో పెట్టాడు. ఓడిపోయిన బాధ ఆ పొట్లం చూశాక సగం తగ్గింది. మేం తెచ్చిన ప్రతి పాయింటునీ ఒకరు లెక్కపెట్టుకున్నారు కదా!

మిల్లు ఓనరు వంద మాత్రం రాలేదు. మాస్టారు వెంట మేమూ వెళ్ళేవాళ్ళం. ఊక ధూళిలో, ధాన్యం బస్తాల పక్కన నిలబడేవాళ్ళం. లోపల్నించి గుమస్తా వచ్చి "అయ్యగారు రేపు రమ్మన్నారు" అనేవాడు. ఆ రేపు ఎప్పటికీ రాలేదు. బట్టల కొట్లో జెర్సీల బాకీ మాస్టారే జీతంలోంచి కట్టారని తర్వాత వాళ్ళావిడ మా అమ్మతో చెప్పుకుని బాధపడింది. ఇన్నేళ్ళయినా ఆ ఆకుపచ్చ ఇంకు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఇవాళ ఆ టీ షర్టుల కాగితం చూసినప్పుడు కలిగిన కోపంలో సగం ఆ పాతదే అనుకుంటాను.

ఇదంతా చెబితే ఈయన మావయ్యగారి మాట గుర్తుచేశారు. సోషల్ మాస్టారు కదా ఆయన, భూదానం పాఠం చెప్పినప్పుడల్లా రెండు ముక్కలూ చెప్పేవారట. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. అదొక ముక్క. తర్వాత దేశమంతా నడిచి మాట తీసుకున్న లక్షల ఎకరాల్లో చాలా భూమి పేదల చేతికి చేరనేలేదు. అది రెండో ముక్క. మాట తీసుకున్న రోజే ఎప్పుడు, ఎలా ఇస్తారో కూడా రాయించుకోవాలని ఈయన అంటారు. నిజమే.

నేను కూడా ప్రతి పిల్లకీ ఒక కాగితం ఇచ్చి, పేరు, చుట్టుకి ఎంత, ఫోను నంబరు రాయించుకు రమ్మని పంపాను కదా. పోయిన వారం ఆ కాగితాల గురించి ఇక్కడ అంత హుషారుగా రాశానే, ఇప్పుడు మనసు మారింది. చిన్నదాని కాగితం ఒక్క సాయంత్రంలో నిండిపోయింది, ఈయన ఆఫీసు వాళ్ళతోనే. జట్టులో అందరికంటే చురుగ్గా పరుగెత్తే పిల్ల, వాళ్ళ నాన్న మార్కెట్ యార్డులో మూటలు మోస్తాడు, ఆ పిల్ల కాగితం ఖాళీగా తెచ్చింది. నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది. "ఎవర్ని అడగాలో తెలీలేదు మేడం" అంది. నేను ఏం చెప్పాలి? ఆ పిల్ల ఇరవై చుట్లు నడిచినా సున్నా, మా చిన్నది నాలుగు నడిచి కూర్చున్నా వేలు. పైగా పెద్ద మొత్తం రాసిన చుట్టం గట్టు మీద కూర్చుని "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటుంటే కాళ్ళు లాగుతున్నా ఏ పిల్ల ఆగుతుంది?

అందుకని ఎవరి లెక్క వాళ్ళకి వద్దు. జట్టంతా కలిపి ఒకటే లెక్క. 30 మంది పిల్లలు, 400 మీటర్ల ట్రాకు, ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకే, ఒక్కొక్కరికి పన్నెండు చుట్లు మించకూడదు. తలా పది వేసుకున్నా 300 చుట్లు. చుట్టుకి రూపాయి రాసినవాళ్ళు 300 ఇస్తారు, పది పైసలు రాసినవాళ్ళు 30. ఇంతకంటే మించి ఇవ్వలేను అనే అంకె కూడా చీటీలోనే రాయించుకుంటే తర్వాత ఎవరూ ఇబ్బంది పడరు. డబ్బు మాస్టారి సంతకం, నా సంతకం రెండూ ఉంటేనే తీయగలిగే ఖాతాలోకి. నా సొంత ఫోన్‌పేలోకి ఒక్క రూపాయి కూడా వద్దు. దాహానికి మజ్జిగ అత్తయ్య చేస్తానన్నారు. ఆవిడ తనంతట తానుగా ఒకటి చేస్తాననడం మా ఇంట్లో పెద్ద సంగతే.

ఇచ్చిన చందాకి పన్ను మినహాయింపు వచ్చే 80జీ రసీదు అడిగినవాళ్ళున్నారు. మాది ఇంకా రిజిస్టరు కాని క్లబ్బు. సొసైటీగా రిజిస్టరు కావాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి, ఆ తర్వాత ఇన్‌కమ్‌ టాక్స్ వాళ్ళ ఆమోదం వేరే. ఈ నడకకి అది కుదరదు. కొత్త పన్ను పద్ధతిలో ఉన్నవాళ్ళకి ఎలాగూ ఆ మినహాయింపు రాదని ఈయన చెప్పారు. ఇవ్వలేమని ముందే చెప్పేస్తాను.

పెద్దాయన మీద కోపం మాత్రం రాస్తూ రాస్తూ కొంచెం తగ్గింది. ప్రిన్సిపాల్ దగ్గరికి తిరిగి తిరిగి గ్రౌండు అనుమతి తెచ్చింది ఆయనే. వినాయక చవితి, దసరా, సిరిమానోత్సవం అన్నీ అయ్యాక జనం చందా అంటేనే మొహం తిప్పుకుంటున్నారని ఆయన అన్న మాటా అబద్ధం కాదు. అతిథిని పిలవనివ్వండి, కానీ శాలువా బదులు ఆయన కూడా నాలుగు చుట్లు నడవాలి. టీ షర్టుల మీద మాత్రం వెనక్కి తగ్గను. ఉన్న జెర్సీలు ఉతుక్కుని వేసుకుంటారు పిల్లలు.

అన్నట్టు, కాలేజీ గేటు దగ్గర టిఫిన్ బండి ఆవిడ. మీటింగు నుంచి వస్తుంటే ఆపి, "పిల్లల నడక అంట కదా మేడమ్మా, సుట్టుకి రూపాయి నా పేర రాసుకో" అంది. ఎవరి పేరు మీద అంటే ఆ ఖాళీ కాగితం పిల్ల పేరే చెప్పింది. రోజూ ప్రాక్టీసు అయ్యాక బండి దగ్గర నీళ్ళు తాగి వెళ్తుందట. ఆ సంతోషంతోనే ఇల్లు చేరాను.

కానీ ఆవిడ అనుకున్నది ఒక్క పిల్లకి, మహా అయితే పన్నెండు రూపాయలు. కొత్త లెక్కలో అది 300 అయిపోతుంది. ఆవిడ మాట ఇచ్చాక వెనక్కి తీసుకునే మనిషిలా లేదు, అప్పు చేసైనా ఇస్తుంది. రేపు పొద్దున ఇడ్లీ వాయి దించే వేళకి ముందే వెళ్ళి, చీటీలో పన్నెండు రూపాయలకి మించకూడదని నేనే రాసి, ఆవిడకి చదివి వినిపించాలి.