ఎల్-2లో మా చిన్నమ్మ

ఈరోజు మధ్యాహ్నం దాకా సెలవు పెట్టి చిన్నమ్మను ఇందిరమ్మ ఇంటి పని మీద వార్డు ఆఫీసుకు తీసుకుపోయాను. పని కాలేదు. కానీ ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఇప్పుడు అర్థమైంది. మరిచిపోక ముందే రాసిపెట్టుకుంటున్నాను, సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చే అర్జీకి పనికొస్తుంది.

చిన్నమ్మ ఎనుమాముల మార్కెట్ దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. చిన్నాయన పోయినప్పటి నుంచి ఆ కూలే ఆధారం. మార్కెట్‌కు నడిచిపోయేంత దూరంలో ఒక రేకుల అర్రలో ఉంటుంది. బాత్రూము నాలుగు కుటుంబాలకు కలిపి ఒక్కటే. కిరాయి నెలకు 3,500. మిర్చి వచ్చే కాలంలో, అంటే సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండాకాలం చివరిదాకా, చేతినిండా పని ఉంటుంది. ఆ తర్వాత పిలిస్తే పోవడం, పిలవకపోతే ఇంట్లో కూర్చోవడం. కూలికి సీజన్ ఉంది గాని కిరాయికి లేదు. వానాకాలంలో కిరాయి కట్టడానికి చేబదులు తెచ్చి, మిర్చి సీజన్‌లో ఆ అప్పు తీరుస్తుంది. ఏండ్ల తరబడి ఇదే నడుస్తున్నది.

పొద్దున ఫోన్లో ఆమె ఆధార్ నంబరు కొట్టి చూస్తే దరఖాస్తు ఎల్-2 అని చూపించింది. సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేనివాళ్ళు ఎల్-1. జాగా కూడా లేనివాళ్ళు ఎల్-2. మొదటి విడత ఇండ్లు జాగా ఉన్నవాళ్ళకే. కనీసం 400 చదరపు అడుగుల్లో ఇల్లు కట్టుకుంటే, పునాది లేచాక లక్షతో మొదలుపెట్టి విడతల వారీగా మొత్తం 5 లక్షలు ఇస్తారు. మా వాడకట్టులోనే ఒకామె బేస్‌మెంట్ బిల్లు తీసుకొని గోడలు లేపింది, ఆమెను చూస్తే నిజంగా సంతోషం అనిపిస్తుంది. జాగా ఉన్నవాళ్ళకు డబ్బులిస్తే వాళ్ళే కట్టుకుంటారు, పని తొందరగా అవుతుంది, ఆ లెక్క నాకూ తెలుసు. కానీ గుంట భూమి కూడా లేని మనిషికే కదా ఇల్లు అందరికంటే ముందు కావాల్సింది. ఎల్-1లో ఉన్నవాళ్ళకు ఇల్లు ఆలస్యమైతే ఉన్న గుడిసెలో ఇంకో ఏడాది ఉంటారు. ఎల్-2లో ఉన్నవాళ్ళు ఇంకో ఏడాది కిరాయి కట్టాలి.

డబుల్ బెడ్రూం ఇండ్లప్పుడు కూడా చిన్నమ్మ దరఖాస్తు పెట్టింది. 560 చదరపు అడుగుల ఇల్లు, లబ్ధిదారు పైసా కట్టే పని లేదు, జాగా లేనివాళ్ళకు అంతకంటే మంచి పథకం ఏముంటుంది? కట్టినవి తక్కువ, అడిగినవాళ్ళు ఎక్కువ. ఆమె దాకా రాలేదు. ఆ తర్వాత సర్కారు పథకాల కోసం తీసుకున్న ప్రజాపాలన దరఖాస్తులు, 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు. ఆ ఫారం నేనే నింపాను. 2024 డిసెంబరులో యాప్ పట్టుకొని ఇందిరమ్మ ఇండ్ల సర్వేకు వచ్చి అర్ర ముందు ఆమెను నిలబెట్టి ఫొటో తీసుకున్నారు.

తిరకాసంతా ఆ ఫొటోతోనే వచ్చింది. అప్పుడామె ఉన్నది హన్మకొండలో, నాలా పక్కన. కిరాయి తక్కువని అక్కడ ఉండేది. 2023 జూలై వానలకు ఆ ఇంట్లోకి నీళ్ళొస్తే బియ్యం పోయినాయి, బట్టలు పోయినాయి, రేషన్ కార్డు జిరాక్సు మీద సిరా అంతా పారిపోయింది. అయినా అక్కడే ఉంది. సర్వే అయిన కొన్నాళ్ళకు ఓనర్ కొడుకు పెండ్లి అని ఖాళీ చేయించారు. పని దగ్గరుంటుందని ఇటు ఎనుమాముల వైపు వచ్చింది. ఆటోలో పోయేంత దూరమే. కానీ 2021లో జిల్లాల పేర్లు మారినప్పటి నుంచి అది హన్మకొండ జిల్లా, ఇది వరంగల్ జిల్లా. కార్పొరేషన్ రెండింటికీ ఒక్కటే అయినా కలెక్టరేట్లు వేరు, ఫైళ్ళు వేరు.

ఆఫీసులో సారు మంచిగానే మాట్లాడాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు కూడా. "అవ్వా, సర్వే అప్పుడు ఎక్కడున్నవో అక్కడి లిస్టులనే ఉంటది నీ పేరు. ఇక్కడికి మార్చాల్నంటే ఇక్కడుంటున్నట్టు కాయితం కావాలె" అన్నాడు.

ఆ కాయితమే లేదు. ఆధార్ మీద హన్మకొండ అడ్రసు. రేషన్ కార్డూ అక్కడిదే, బియ్యం ఎక్కడైనా తీసుకోవచ్చు కాబట్టి మార్పించలేదు. కరెంటు బిల్లు ఓనరమ్మ పేరు మీద వస్తుంది. గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా కిరాయిదార్లకు కూడా జీరో బిల్లు అని సర్కారే చెప్పింది, అది మంచి నిర్ణయం. అయితే ఈ నాలుగు అర్రలకూ కలిపి మీటరు ఒక్కటే. ఒక్కో అర్రకు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని ఓనరమ్మే వసూలు చేసుకుంటుంది. జీరో బిల్లు పోతే పోయింది, ఆమె పేరు మీద ఒక బిల్లు వచ్చి ఉంటే ఈరోజు అదే రుజువయ్యేది.

కిరాయి అగ్రిమెంట్ అడిగితే ఓనరమ్మ ఇదివరకే కాదన్నది. "కాయితం రాస్తే రేపు ఖాళీ చెయ్యనంటవు, ఇంటి పన్ను పెంచుతరు, నాకెందుకు తల్లీ" అన్నదట. నాకు తెలిసినంతలో ఆమెకు వచ్చే నష్టం పెద్దగా ఉండదు. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి చట్టం, అందుకే అందరూ 11 నెలలకు రాసుకుంటారు. స్టాంపు కాయితం మీద రెండు సంతకాలు, ఇద్దరు సాక్షులు చాలు. ఆమె చెడ్డ మనిషి కాదు, జ్వరమొస్తే చిన్నమ్మకు జావ కాచి ఇచ్చింది. కాయితం అంటేనే భయం.

అక్కడి నుంచి ఆధార్ సెంటర్‌కు పోయాం. వేలు పెట్టమంటే మిషన్ తీసుకోలేదు. చిన్నమ్మ చీర కొంగుతో తుడుచుకొని మళ్ళీ పెట్టింది. ఆ పిల్లగాడు తడి గుడ్డ ఇచ్చాడు, బొటనవేలు వదిలి మిగతా వేళ్ళన్నీ పెట్టించి చూశాడు. దగ్గర నుంచి చూస్తే ఆమె వేలి కొసలు నున్నగా, ఎర్రగా ఉన్నాయి, గీతలే కనబడవు. ఏండ్ల కొద్దీ మిరప తొడిమలు గిల్లితే అవే అరిగిపోయాయి. మంట తెలియకుండా కొబ్బరినూనె రాసుకొని పనికి కూర్చుంటారు, ఇంటికొచ్చాక కూడా ఆ చేతితో కన్ను తుడుచుకోవడానికి లేదు. చివరికి కంటిపాపతో పట్టింది. పట్టినా లాభం లేకపోయింది, అడ్రసు మార్చడానికి మళ్ళీ అదే రుజువు కావాలన్నాడు. అయితే ఒక దారి చెప్పాడు. ఆధార్ వాళ్ళదే ఒక ఫారం ఉంది, దాని మీద ఫొటో అంటించి ఎమ్మెల్యే గాని గెజిటెడ్ అధికారి గాని సంతకం, ముద్ర వేస్తే అదే అడ్రసుకు రుజువు. ఆ ఫారం తెచ్చుకున్నాం. ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్ళు ఎవరైనా చదివితే గుర్తుపెట్టుకోండి, ఓనర్ అగ్రిమెంట్ ఇవ్వకపోయినా ఈ దారి ఉంది.

వచ్చేటప్పుడు చిన్నమ్మ అడిగింది, "ఇల్లు ఇచ్చేదాంక కిరాయన్న ఇయ్యరాదా బిడ్డా సర్కారు?" అని.

ఆ మాట నన్ను వదల్లేదు. న్యూజెర్సీలో ఉంటున్న మా వదిన ఒకసారి అక్కడి సంగతి చెప్పింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళు అక్కడి స్థానిక హౌసింగ్ అథారిటీకి దరఖాస్తు పెట్టుకుంటారు. వోచర్ వస్తే వాళ్ళ ఆదాయంలో దాదాపు 30 శాతమే కిరాయిగా కడతారు, మిగతాది అథారిటీ నేరుగా ఓనర్‌కు కడుతుంది. సెక్షన్ 8 అంటారట, 1974 నుంచి నడుస్తున్నది. అక్కడ కూడా అర్హులైన నాలుగు కుటుంబాల్లో సుమారు ఒక్కదానికే సాయం అందుతుంది, వరుసలో ఏండ్లు గడుస్తాయి. అయినా కిరాయి కట్టలేకపోవడం కూడా సర్కారు చూడాల్సిన కష్టమే అని అక్కడ ఒప్పుకున్నారు.

మన దేశంలో అసలే లేదని కాదు. 2024లో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డప్పుడు ఇండ్లు పోయినవాళ్ళకు కేరళ సర్కారు నెలకు 6,000 కిరాయి ఇస్తామన్నది. కరోనాలో వలస కూలీలు నడిచి ఊళ్ళకు పోయిన 2020లో కేంద్రం కిరాయి ఇండ్ల పథకం పెట్టింది. 2024 సెప్టెంబరులో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలో కూడా తక్కువ కిరాయికి ఇచ్చే ఇండ్లకు వేరే భాగమే ఉంది. అట్లాంటివి ముందుగా కట్టాల్సింది మా మార్కెట్ పక్కన. మిర్చి, పత్తి సీజన్‌లో హమాలీలు, తొడిమలు తీసే ఆడవాళ్ళు, చాట కూలీలు ఎంతమంది ఈ చుట్టుపక్కల అర్రల్లో సర్దుకొని ఉంటున్నారో పొద్దున అయిదింటికి ఆ తొవ్వలో నిలబడితే తెలుస్తుంది.

రాత్రి అన్నాలయ్యాక అర్జీ రాశాను. సర్వే అడ్రసు మారినా దరఖాస్తు వెనక్కి పోకుండా, మనిషితో పాటే ఇవతలి జిల్లాకు బదిలీ చేయమని అడిగాను. కిరాయిదార్లకు వార్డు అధికారే వచ్చి చూసి, ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలతో నివాసం ధ్రువీకరించాలని రాశాను. ఎల్-2లో ఒంటరి ఆడవాళ్ళకు ఇల్లు వచ్చేదాకా పని లేని నెలల్లోనైనా కిరాయికి ఎంతో కొంత సాయం చేయమని రాశాను. ఇది ఇప్పుడున్న ఏ జీవోలోనూ లేదని అంటారు. అడగనిదే జీవో ఎట్లా వస్తుంది?

చదివి వినిపిస్తే చిన్నమ్మ అంతా విని, ఇంకో ముక్క కలపమంది. "ఇచ్చేది పని దగ్గర్నే ఇయ్యమని రాయి. ఊరవుతల ఇస్తే ఆటోలకే పోతది కూలి." అది పైన, మొదటి పేరాలోనే పెట్టాను. రేపు సాయంత్రం స్టాంపు కాయితం తీసుకొని ఓనరమ్మ దగ్గరికి నేను కూడా పోతున్నాను, ఇంటి పన్ను సంగతి ఆమెకు నిమ్మళంగా చెప్పి చూస్తాను.