నిటారుగా నిలబడమని ఆ పిల్లని తిట్టకండి

స్కోలియోసిస్ (వెన్ను పక్కకి వంగిపోవడం) ఉన్న పిల్లతో ఇంట్లో అందరూ అనేది ఒకటే మాట, "కాస్త నిటారుగా నిలబడవే!" ఫిజియోథెరపిస్టుగా నాకు ఇది వింటే ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే తన లెక్కలో ఆ పిల్ల నిటారుగానే నిలబడి ఉంది. భుజాలు సమానంగా వచ్చేలా మనం చేత్తో సర్దితే "అయ్యో, ఇప్పుడు పక్కకి ఒరిగిపోయినట్టుంది" అంటుంది. నిజంగానే అలా అనిపిస్తుంది మరి.

కదలకుండా నిలబడ్డాం అనుకున్నప్పుడు కూడా మన ఒళ్ళు సన్నగా ఊగుతూనే ఉంటుంది. కళ్ళు, లోపలి చెవి, ఇంకా కండరాలూ కీళ్ళూ అరికాళ్ళూ పంపే సమాచారం అంతా కలిపి మెదడు ఎప్పటికప్పుడు ఆ ఊగుడిని సర్దుతుంది. స్కోలియోసిస్‌లో వెన్ను పక్కకి వంగడమే కాక మెలి కూడా తిరుగుతుంది (ముందుకి వంగినప్పుడు ఒకవైపు పక్కటెముకలు ఉబ్బెత్తుగా లేచేది అందుకే), దాంతో రెండు వైపుల కండరాల మీదా భారం ఒకేలా పడదు. పైగా ఇది ఎక్కువగా బయటపడేది పదేళ్ళు దాటి ఎత్తు గబగబా పెరిగే వయసులో, అప్పుడు మామూలు పిల్లలే తడబడుతుంటారు.

ఫోర్స్ ప్లేట్ (పాదాల ఒత్తిడిని బట్టి ఊగుడిని కొలిచే పలక) మీద నిలబెట్టి కొలిచిన చాలా అధ్యయనాల్లో ఈ పిల్లలు తోటివాళ్ళకంటే ఎక్కువ ఊగుతారని తేలింది. అన్నీ ఒకే మాట చెప్పవనుకోండి. తూకం (బ్యాలెన్స్) తప్పడం వల్ల వంపు వచ్చిందా, వంపు వల్ల తూకం తప్పిందా అన్న వాదన కూడా ఇంకా తెగలేదు. నేను చూసినంతలో ఎక్స్‌రేలో వంపు ఎన్ని డిగ్రీలుందన్నదాన్ని బట్టి పిల్ల ఎంత నిలకడగా నిలబడుతుందో చెప్పలేం.

మెత్తటి ఫోమ్ మీద ఎక్కించి కళ్ళు మూసుకోమనండి, తెలుస్తుంది. మొదట ఏమీ ఉండదు, తర్వాత కాలివేళ్ళు ముడుచుకుని ఫోమ్‌ని పట్టుకుంటాయి, చీలమండ ముందున్న స్నాయువులు (కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళు) పైకి తేలి అదురుతాయి, ఊపిరి బిగబట్టేస్తుంది, కాసేపటికి ఒక చెయ్యి దానంతటదే గోడ కోసం వెతుక్కుంటుంది. వంపు ఎక్కువున్నా ఇవేవీ లేకుండా హాయిగా నిలబడే పిల్లలూ ఉన్నారు.

మేం చేయించేది కూడా దాదాపు ఇదే. ముందు అద్దంలో చూస్తూ సరైన భంగిమ పట్టుకోవాలి, తర్వాత కళ్ళు మూసి అదే భంగిమని వెతుక్కోవాలి, కళ్ళు తెరిచి ఎంత తేడా వచ్చిందో చూసుకోవాలి. అద్దం వాడకం కొత్తదేం కాదు, జర్మనీలో కాథరీనా ష్రోత్ 1920లలోనే మొదలుపెట్టింది. ఆ తర్వాత గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం, బంతి విసిరి పట్టుకోవడం.

దీంతో వంపు పోతుందా అని అడుగుతారు. తూకం వ్యాయామాలతో వంపు పోతుందని నేను చెప్పను. ఎముకలు ఇంకా పెరుగుతూ వంపు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే సాధారణంగా డాక్టర్లు బ్రేస్ (వంపు పెరగకుండా ఒంటికి బిగించే గట్టి పట్టీ) రాస్తారు, వ్యాయామం చేస్తున్నాం కదా అని దాన్ని మూలన పడేయకండి. బ్రేస్ కొత్తలో నడుము తిరగదు, మెట్లు దిగడానికి కూడా టెన్షన్ పడతారు, కొన్నాళ్ళు చెయ్యి అందించండి.

ఒక్కటి మాత్రం నాన్చకండి. పిల్ల తరచూ పడిపోతున్నా, కాలు తిమ్మిరెక్కినా బలం తగ్గినా, మూత్రం మీద అదుపు పోయినా అది వ్యాయామాలతో చూసుకునే విషయం కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, అవసరమైతే ఎమ్మారై తీయిస్తారు.