పధ్నాలుగు బిల్లులు

నవంబరులో ఒక సోమవారం మధ్యాహ్నం, డాలస్ శివారులోని ఒక మెక్సికన్ హోటల్ పార్కింగులో, అప్పటిదాకా మాకు వడ్డించిన ఆవిడ నా వెనకే వచ్చి, “నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?” అని అడిగింది. లేదన్నాను. అయితే పధ్నాలుగు బిల్లులకూ కలిపి టిప్పు తొమ్మిది డాలర్లే ఎందుకు వచ్చిందో తెలుసుకోవచ్చా అన్నది. మా టీములో ఒకరు ఇండియాకు వెళ్లిపోతున్నారని పెట్టుకున్న విందు అది. అందరినీ పోగుచేసింది నేను కనుక జవాబు చెప్పవలసినవాణ్నీ నేనే.

బిల్లుల మొత్తం 280 డాలర్లు. ఆ హోటల్లో, వచ్చిన టిప్పుతో నిమిత్తం లేకుండా, తాము అమ్మినదాంట్లో 4 శాతం సర్వర్లు బల్లలు తుడిచేవారికీ బార్‌లో పనిచేసేవారికీ ఇవ్వాలట. అంటే పదకొండు డాలర్ల ఇరవై సెంట్లు. మాకు రెండు గంటలు వడ్డించినందుకు ఆవిడకు రెండు డాలర్ల పైచిలుకు చేతి చమురు వదిలింది. పెద్ద బృందాలకు బిల్లులోనే 18 శాతం కలుపుతారు గాని, ఎవరి బిల్లు వారికి విడగొట్టమన్నది మేమే కనుక అదీ తప్పిపోయింది.

ఆ రోజు కార్తీక సోమవారం. ఉపవాసం ఉండగలవారు రానే లేదు. వచ్చినవారిలో తొమ్మిది మందికి మాంసం వద్దు, వారిలో ఇద్దరికి గుడ్డు కూడా వద్దు, ఒకాయనకు ఉల్లి, వెల్లుల్లి సైతం పనికిరావు. ఆవిడ తన చిన్న పుస్తకంలో బల్ల బొమ్మ గీసి, ఒక్కొక్క కుర్చీకి అంకె వేసి, ఆ పక్కన ఎవరికి ఏది వద్దో రాసుకుంది. వంటింట్లోకి వెళ్లి వచ్చి, మేము అడగకుండానే, రైస్ కోడి ఉడికించిన నీళ్లలో వండుతారనీ, బీన్స్ ముద్దలో పందికొవ్వు ఉంటుందనీ, ఆ రెండూ మానేసి విడిగా ఉడికించిన నల్ల బీన్స్ పెట్టిస్తాననీ చెప్పింది. ఏళ్ల తరబడి ఆ ఎర్రన్నాన్ని శాకాహారమనుకుని తింటున్న మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఐసు లేని నీళ్లకూ, నిమ్మచెక్కలకూ, కారం చాలక మరో రకం సల్సా పచ్చడికీ ఆవిడను ఎన్నిసార్లు తిప్పామో లెక్కలేదు. ఆవిడ పేరు ప్రతి బిల్లు మీదా అచ్చయి ఉంది, ఎవరమూ చదవలేదు.

మా తరఫున చెప్పుకోవలసింది లేకపోలేదు. టెక్సస్‌లో టిప్పులు వచ్చే పనివారికి యజమాని చేతి నుంచి ఇవ్వవలసిన కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు. ఫెడరల్ చట్టంలో ఆ అంకె 1991 నుంచి కదలలేదు. ఆ ఏడాది నేను నాలుగో తరగతి. టిప్పులతో కలిపి గంటకు మామూలు కనీస వేతనమైన 7.25 డాలర్లు కాకపోతే మిగతాది యజమాని పూడ్చాలి. కాలిఫోర్నియాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో ఇలాంటి తక్కువ వేతనం లేనే లేదు, పూర్తి కనీస వేతనం ఇవ్వవలసిందే. మరి ఇక్కడ జీతాన్ని మా దయకు వదిలేయడం ఏమిటి, ధరలోనే కలిపితే మారుమాటాడకుండా కడతాం కదా అని నేను పదేళ్లుగా వాదిస్తున్నాను. ఆ వాదనలో తప్పుందని ఇప్పటికీ అనుకోను. కాని యజమాని మీది ఉక్రోషం ఆవిడ మీద తీర్చుకున్నాం.

మన దగ్గర సోంపు పళ్లెంలో పది రూపాయలు వదిలితే సరిపోయేదని కూడా అనబోయాను. అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న రెండేళ్లూ నాకు మెస్సులో వడ్డించిన కుర్రవాడు, చెయ్యి అడ్డం పెట్టినా వినకుండా రెండోసారి పప్పు వేసేవాడు. అతన్ని తమ్ముడూ అనేవాణ్ని. ఇంటికి ఏమాత్రం పంపుతున్నావని ఒక్కనాడూ అడగలేదు.

జేబులోని రెండు ఇరవైల నోట్లు ఇస్తే ఆవిడ ఒకటి తీసుకుని, రెండోది తిరిగి ఇచ్చి, “మిగతావారికి కూడా చెప్పండి” అన్నది. వాట్సాప్‌లో లెక్క రాసి పెట్టాను. వెంటపడి అడగడం ఏం మర్యాదండీ అని ఒకాయన రాశారు. పదకొండు మంది పంపారు. ఆ మొత్తంతో మరుసటి సోమవారం ఒక్కణ్నే వెళ్లి కూర్చున్నాను. ఐసు లేని నీళ్లు తెచ్చి పెట్టి, “ఇవాళ కూడా రైస్ వద్దు కదా?” అని అడిగింది.