ఆకుపచ్చ చుక్క లేని చోట

మా అమ్మాయికి అక్షరాలకంటే ముందు ఆకుపచ్చ చుక్క వచ్చింది. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఇండియన్ స్టోర్‌కి వెళ్తే, తోపుడు బండిలో కూర్చుని ప్రతి ప్యాకెట్టూ అటూ ఇటూ తిప్పేది. చదరంలో చుక్క కనబడగానే "మనదే" అని బండిలో పడేసేది. ఇండియాలో పెరిగిన మనం ఆ గుర్తు గురించి పెద్దగా ఆలోచించం. పాలు, తేనె ఉన్నా ఆ చుక్క పడుతుంది, గుడ్డు ఉంటే పడదు. ఎందుకలా అని ఎవరూ అడగరు. గుర్తు పెట్టినవాళ్ల లెక్కా, మన వంటింటి లెక్కా ఒకటే.

అమెరికన్ సూపర్ మార్కెట్లో అలాంటి సర్కారీ గుర్తేమీ లేదు. కొన్ని డబ్బాల మీద 'వెజిటేరియన్' అని ఉన్నా, ఇక్కడివాళ్లకి గుడ్డు కూడా అందులోనే. మరి ఇన్నేళ్లుగా మాలాంటి శాకాహారులు ఎలా నెట్టుకొస్తున్నారంటే, యూదుల గుర్తులు చదివి! వచ్చిన కొత్తలో పక్క అపార్ట్‌మెంట్ తెలుగావిడ నాకు నేర్పింది ఇదే. సున్నాలో 'యు' అక్షరం ఉంటే అది ఆర్థడాక్స్ యూనియన్ అనే యూదుల సంస్థ వేసే కోషర్ ముద్ర, అంటే వాళ్ల ఆహార నియమాలకి సరిపోయిందని. 1920ల్లో హైంజ్ బీన్స్ డబ్బాతో మొదలై ఇప్పుడు బిస్కెట్ల నుంచి సబ్బుల దాకా కనిపిస్తుంది. పక్కన 'డి' ఉంటే పాల పదార్థమని. వాళ్ల మతంలో మాంసాన్నీ పాలనీ కలపకూడదు కాబట్టి, 'డి' ఉన్నదాంట్లో మాంసం ఉండదని మనవాళ్లు పట్టేశారు.

కానీ అది మన కోసం పెట్టింది కాదు కదా, అక్కడే తిరకాసు. చేపా గుడ్డూ వాళ్లకి మాంసం లెక్కలోకి రావు. పాలూ మాంసమూ లేనివాటిని 'పారెవ్' అంటారు. కోషర్ పద్ధతిలో కోసిన పశువు తోలు నుంచి తీసిన జెలటిన్ కూడా ఆర్థడాక్స్ యూనియన్ దృష్టిలో పారెవే. పోనీ ముద్ర పక్కన 'పి' ఉంటే పారెవ్ అనుకుందామా అంటే, అది వాళ్ల పాస్ఓవర్ పండక్కి పనికొస్తుందని చెప్పే గుర్తు! అందుకే పిల్లలకి ఒకటే చెప్పాను. ఏ గుర్తు చూసినా, ఎవరు ఎవరి కోసం పెట్టారో ముందు తెలుసుకోండి. ఆ తర్వాత కింద 'కంటెయిన్స్' అనే వరస చదవండి. అలెర్జీ ఉన్నవాళ్ల కోసం తెచ్చిన చట్టం వల్ల గుడ్డూ చేపా ఉంటే అక్కడో, దినుసుల జాబితాలోనో పేరుతో సహా దొరికిపోతాయి. జెలటిన్ కోసం మాత్రం దినుసుల జాబితా అంతా వెతుక్కోవాల్సిందే.

కిందటేడు అమ్మాయి పుట్టినరోజుకి మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. సగం కప్‌కేకులు గుడ్డు లేనివి, సగం గుడ్డు వేసినవి. అమ్మాయి టూత్‌పిక్‌లకి కాగితం జెండాలు అతికించి, అన్నిటి మీదా ఆకుపచ్చ చుక్కే పెట్టుకుంటూ పోతోంది.

"గుడ్డు వేసినవాటికి ఆ చుక్కేంటే, అమ్మడూ?" అన్నారావిడ.

"ఇక్కడ గుడ్డు వెజ్జే, నానమ్మా."

"అయితే నేను వేటిని ముట్టుకోవాలి?"

ఆ ప్రశ్నకి పిల్ల ఆగింది. రంగు మార్చి పసుపు చుక్క పెడతానంది. ఇంతలో వాళ్ల అన్న కలగజేసుకుని, రంగు ఒక్కటీ మారిస్తే సరిపోదన్నాడు. వాడు చెప్పింది నిజమే. ఇండియాలో మాంసాహారానికి పెట్టే, మనవాళ్లు ఎర్ర చుక్క అని పిలిచే గోధుమరంగు చుక్కని అక్కడి 2020 నిబంధనల్లో త్రికోణం చేశారు. రంగులు పోల్చుకోలేనివాళ్లకి ఆ రెండు చుక్కలూ ఒకేలా కనబడేవి మరి. చివరికి అమ్మాయి గుడ్డు ఆకారంలోనే పసుపు బొమ్మ గీసింది. అత్తయ్యగారికి దాన్ని వివరించాల్సిన అవసరమే రాలేదు. పార్టీకొచ్చిన స్కూలు పిల్లలు మాత్రం ఆకుపచ్చ చుక్క అంటే మింట్ అనుకున్నారు. ఒకడు తిని, మింట్ ఏదని అడిగాడు కూడా.

వాడెవడో అలా అడిగినందుకు అమ్మాయి చిన్నబుచ్చుకుంది గానీ, నాకు ముచ్చటేసింది. తనకి పుట్టినప్పటినుంచీ తెలిసినది ఎదుటివాడికి వట్టి రంగేనని ఆ వయసులో కళ్లారా చూడ్డం మంచిదే.

ఇక అబ్బాయి సంగతి. తొమ్మిదో తరగతికి వచ్చాక బయట చికెన్ తింటున్నాడు. ఇంట్లో దీని మీద చాలా వాదనలయ్యాయి, ఇంకా తెగలేదు. వాళ్ల నాన్న మెత్తబడ్డారు, నేను పూర్తిగా మెత్తబడలేదు. అయినా మా ఇంట్లో లేబుళ్లు అందరికంటే బాగా చదివేది వాడే. మొన్న చెల్లెలికి స్కూల్లో ఎవరో ఇచ్చిన మార్ష్‌మాలో బార్ చేతిలోంచి లాక్కుని, వెనక చిన్న అక్షరాలు చూసి, "జెలటిన్ ఉంది, నువ్వు తినవు కదా" అని వేరేది తెచ్చిచ్చాడు. ఆ సాయంత్రమే ఫ్రెండ్స్‌తో చికెన్ బర్గర్‌కి వెళ్లడానికి నన్ను డబ్బులడిగాడు. ఇచ్చాను.