మూడో తుపాకీని అప్పగించాక

తిరుపతిలోని మా పాత తుపాకుల సేకరణదారుల సంఘం సమావేశాల తీరు 2019 ఆయుధ చట్ట సవరణ తరువాత పూర్తిగా మారిపోయింది. ఒక్కొక్కరి వద్ద ఉండదగిన లైసెన్సు తుపాకులను 3 నుంచి 2కు తగ్గించిన ఆ సవరణ, వారసత్వంగా వచ్చినవాటికీ వర్తించడంతో, మా తాతగారి జోడు గొట్టాల తుపాకీని నేను అప్పగించవలసి వచ్చింది. ఆయన చెంప ఆనిన చోట నునుపెక్కిన దాని కర్ర మడమ ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. లైసెన్సు గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది గానీ, అది నాకు ఊరట కాలేదు.

ఒకప్పుడు నూనె గుడ్డ చేతబట్టి ముచ్చటించుకున్న మేము, ఇప్పుడు ఫొటోలు, పాత లైసెన్సు పుస్తకాలు ముందు పెట్టుకుని, ఏ తుపాకీ ఏ ఇంటికి ఎలా చేరిందో రాసిపెడుతున్నాం. కొత్తగా చేరిన యువకులే ఈ పనికి పూనుకున్నారు. వచ్చే నెల చంద్రగిరి రాజమహల్ మ్యూజియం చూసి, ఆ కోటలోనే కూర్చుంటాం.